మానేస్తే వణికించే కల్లు

"తాగినన్ని దినాలు మంచిగనే ఉండె. బంద్ జేసిన మూడో దినమే ఆగమాగమైండు. ఇదేం కల్లు?"

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఈ ప్రశ్న ఏళ్ల తరబడి వినిపిస్తోంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది భార్యలు, తల్లులు. తాగుడు చెడ్డదని వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. వాళ్లకు అంతుపట్టనిది వేరే ఉంది. కడుపులో పడితే ప్రాణం తీసేది విషమని చిన్నపిల్లలకూ తెలుసు. కడుపులో పడటం ఆగిపోయాక ప్రాణం మీదికి తెచ్చే విషం ఎట్లా ఉంటుంది?

2015 సెప్టెంబరులో ఈ ప్రశ్న వందలాది ఇళ్లలో ఒక్కసారే తలెత్తింది. అప్పటికి తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటింది. కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా విరుచుకుపడింది. ఎక్సైజ్ సిబ్బంది దుకాణాల మీద దాడులు చేశారు, సరుకు పారబోశారు, కేసులు పెట్టారు. ఆ వెంటనే మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ ఆస్పత్రులకు జనం బారులు తీరారు. చేతులు వణుకుతున్నవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు, లేనివి కనబడుతున్నాయని కేకలు పెట్టేవాళ్లు, ఫిట్స్ వచ్చి నాలుక కరుచుకున్నవాళ్లు. కొందరు చనిపోయారు. వాళ్లు ఆస్పత్రికి చేరింది కల్లు తాగినందుకు కాదు, తాగడానికి అది దొరకనందుకు.

చట్టం తన పని తాను చేస్తే మనుషులు ఎందుకు పడిపోయారు? ఈ ప్రశ్నకు జవాబు కొంత రసాయన శాస్త్రంలో, కొంత మెదడులో, కొంత ప్రభుత్వ కార్యాలయాల్లో దొరుకుతుంది.

చెట్టు పారేది కొంతే

ముందు అసలు కల్లు సంగతి చూద్దాం. గీత కార్మికుడు మోకు, ముస్తాదు సర్దుకుని తాటిచెట్టెక్కి, గెల కొసను కత్తితో పలుచగా గీసి లొట్టి కడతాడు. గీసిన చోట చుక్కచుక్కగా దిగేది తియ్యటి రసం. దానిలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెరే. అప్పటికి దానిలో మత్తు లేదు. దాన్నే నీరా అంటారు. గాలిలోనూ లొట్టి గోడల్లోనూ ఉండే ఈస్టు, బ్యాక్టీరియా ఆ చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తాయి. గంటల్లోనే నురగ కడుతుంది. సాయంత్రానికి నూటికి నాలుగైదు పాళ్ల ఆల్కహాలు తయారవుతుంది. మరునాటికి పులుపెక్కుతుంది. ఇంకా ఉంచితే వెనిగర్ అవుతుంది. పొద్దున ఒక రుచి, మాపున ఇంకో రుచి ఉండటం చెట్టు కల్లు స్వభావం.

ఈ కల్లుకు రెండు హద్దులున్నాయి. చెట్టు ఏడాది పొడవునా ఒకే తీరుగా పారదు. కావాలనుకున్నప్పుడు కొత్త చెట్టు పుట్టదు. తాటి మొక్క నాటితే గీతకు రావడానికి 12 నుంచి 15 ఏళ్లు పడుతుంది. ఈత కొంత తొందరగా అందుతుంది కానీ దానికీ ఏళ్లు కావాలి. వానల మీద ఆధారపడ్డ చల్క నేలల్లో చెట్లు ఎన్ని ఉన్నాయో, వాటి నుంచి ఎంత కల్లు దిగుతుందో ఊరి గీత కార్మికుడు వేళ్ల మీద లెక్క చెప్పగలడు. దుకాణాల్లో అమ్ముడుపోయే సీసాల లెక్క ఆ లెక్కకు ఎప్పుడో దూరమైపోయింది.

ఆ తేడాను పూడ్చడానికి పుట్టిందే మందు కల్లు. నీళ్లు, తీపికి శాక్రిన్, తెల్లదనానికీ నురగకూ పొడులు, పేరుకు కాస్త చెట్టు కల్లు. ఇంతవరకూ అయితే అది మోసం మాత్రమే. నీళ్లలో మత్తు ఉండదు కాబట్టి, తాగినవాడు మర్నాడు మళ్లీ రావాలంటే దానికి మత్తు తెచ్చిపెట్టాలి. అక్కడ మందులు దిగుతాయి. పత్రికల్లో, ఎక్సైజ్ కేసుల్లో పదేపదే కనబడే పేర్లు మూడు: క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, అల్ప్రాజోలం. మొదటిదాన్ని దుకాణాల దగ్గర సీహెచ్ అంటారు. రెండోది ఊళ్లలో డైజోఫాంగా స్థిరపడింది.

ఈ మూడూ వైద్యం కోసం పుట్టినవే. క్లోరల్ హైడ్రేట్‌ను జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ 1832లో తయారు చేశాడు. 1869లో మరో జర్మన్, లీబ్రైక్, దాన్ని నిద్రమందుగా పరిచయం చేశాడు. డైజెపాం 1963లో వేలియం పేరుతో, అల్ప్రాజోలం 1981లో జానాక్స్ పేరుతో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. ఆందోళనకు, మూర్ఛకు, ఆపరేషన్‌కు ముందు భయం తగ్గించడానికి డాక్టర్లు వాటిని వాడుతున్నారు. డాక్టరు రాసిన మోతాదులో, రాసినన్ని రోజులు వాడితే అవి మంచి మందులు.

బ్రేకు మీద పడ్డ కాలు

మందు కల్లు మెదడులో ఏం చేస్తుందో అర్థం కావాలంటే మన్ననూరు దాటి శ్రీశైలం వైపు దిగే ఘాట్ రోడ్డును గుర్తు చేసుకోవాలి. లోడు లారీ ఆ మలుపుల్లో క్షేమంగా దిగాలంటే డ్రైవరు దగ్గర రెండు ఉండాలి. ముందుకు తోసే యాక్సిలరేటరు, ఆపే బ్రేకు. మెదడుకూ ఆ రెండూ ఉన్నాయి. నరాల కణాలను ఉత్తేజపరిచే ప్రధాన రసాయనం గ్లుటమేట్, శాంతింపజేసే ప్రధాన రసాయనం గాబా. ఈ రెండింటి మధ్య సమతూకం ఉన్నంతసేపు మనిషి మెలకువలో చురుగ్గా ఉంటాడు, రాత్రి నిద్రపోతాడు, చేయి వణకకుండా గ్లాసు పట్టుకుంటాడు.

గాబా పనిచేసే చోట నరాల కణం పొర మీద సన్నని ద్వారం ఉంటుంది. గాబా వచ్చి అతుక్కోగానే ఆ ద్వారం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్తాయి, కణం నెమ్మదిస్తుంది. అల్ప్రాజోలం, డైజెపాం ఆ ద్వారం మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. క్లోరల్ హైడ్రేట్ కాలేయంలో ట్రైక్లోరోఎథనాల్‌గా మారి దాదాపు అదే పని చేస్తుంది. ఆల్కహాలు కూడా అక్కడే పనిచేస్తుంది. అంటే మందు కల్లు తాగిన మనిషి మెదడులో ఒకే బ్రేకు మీద రెండు మూడు కాళ్లు ఒకేసారి పడతాయి. ఒళ్లు నొప్పులు తెలియవు, బెంగ తగ్గుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. రోజంతా మట్టి మోసిన కూలీకి ఇరవై ముప్పై రూపాయల్లో ఇంత ఊరట ఇంకెక్కడా దొరకదు. మందు కల్లు అంతగా పాతుకుపోవడానికి ఇదే కారణం.

రోజూ తాగుతుంటే మెదడు ఊరుకోదు. బ్రేకు మీద ఎప్పుడూ కాలు ఉన్న లారీని ముందుకు నడపాలంటే యాక్సిలరేటరును ఇంకా గట్టిగా తొక్కాలి. మెదడు అదే చేస్తుంది. గాబా ద్వారాలు మొద్దుబారతాయి, గ్లుటమేట్ పని పెరుగుతుంది. నెలలు గడిచేసరికి ఒక సీసా చాలినవాడికి రెండు కావాలి, రెండు చాలినవాడికి నాలుగు. బయటికి అతను మామూలుగానే కనబడతాడు, పనికి పోతాడు, మాట్లాడతాడు. లోపల మాత్రం యాక్సిలరేటరు నేల దాకా తొక్కి ఉంటుంది.

అట్లాంటి సమయంలో బ్రేకు మీది కాలు ఒక్కసారిగా తీసేస్తే లారీ ఏమవుతుందో ఆ దారిలో తిరిగిన ఎవరైనా చెప్పగలరు. దుకాణం మూతపడిన రోజు తాగేవాడి మెదడులో జరిగేది అదే. అల్ప్రాజోలం రక్తంలో సుమారు 11 గంటల్లో సగానికి తగ్గుతుంది. అందుకే ఒకటి రెండు రోజుల్లోనే చెమటలు, గుండెదడ, వణుకు మొదలవుతాయి. మూర్ఛ వచ్చే ప్రమాదం మొదటి మూడు రోజుల్లో ఎక్కువ. డైజెపాం శరీరంలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి దాని తిప్పలు వారం తర్వాత కూడా బయటపడొచ్చు. సీసాలో ఏ మందు పడిందో తాగినవాడికి తెలియదు, కాబట్టి ఏ రోజు ఏమవుతుందో ఇంటివాళ్లకూ తెలియదు.

పాలమూరు వలస కూలీకి ఇది ఇంకో రకంగా ముప్పు. ముంబయికో పుణెకో పనికి పోయినవాడికి అక్కడ ఈ కల్లు దొరకదు. మూడో రోజు ఫిట్స్ వచ్చి అక్కడి ఆస్పత్రిలో పడితే, "రోజూ ఏం తాగుతావు?" అన్న ప్రశ్నకు అతను ఇచ్చే జవాబు "కల్లు". చెట్టు నుంచి దిగే పానీయం అనుకునే డాక్టరుకు నిద్రమందుల సంగతి తట్టే వీల్లేదు.

ఒక గ్రాము ఎంత పెద్దది

మందుల షాపులో అల్ప్రాజోలం మాత్ర తీసుకుంటే దానిలో ఉండే మందు 0.25 మిల్లీగ్రాములు లేదా 0.5 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు. ఆ లెక్కన ఒక్క గ్రాము పొడితో 0.25 మాత్రలు నాలుగు వేలు తయారవుతాయి. ఒక కిలోతో 40 లక్షలు. ఒక బ్యాగులో పట్టే పొడి ఒక జిల్లాను మత్తులో ఉంచడానికి సరిపోతుందంటే అతిశయోక్తి కాదు.

ఇంత సూక్ష్మమైన మోతాదును ఫ్యాక్టరీలో మాత్రగా చేయాలంటే ప్రతి మాత్రలోనూ సమానంగా మందు పడిందా లేదా అని పరీక్షలు చేస్తారు. కల్లు డిపోలో ఆ పని చేసేవారు లేరు. పైగా అల్ప్రాజోలం నీళ్లలో దాదాపు కరగదు. డ్రమ్ములో వేసి కర్రతో కలిపితే కొంత తేలుతుంది, కొంత అడుగుకు చేరుతుంది. ఒకే డ్రమ్ములోంచి నింపిన పది సీసాల్లో ఒకదానిలో మందు నామమాత్రంగా ఉండొచ్చు, మరో దానిలో ఎన్నో మాత్రల పెట్టు ఉండొచ్చు. నిన్న రెండు సీసాలు తాగి బాగున్నవాడు ఈ రోజు అదే దుకాణంలో ఒక సీసాకే పడిపోవడానికి కారణం ఇదే. అల్ప్రాజోలం జాతి మందులు ఒంటరిగా ఊపిరిని ఆపడం అరుదు. ఆల్కహాలుతోనో క్లోరల్ హైడ్రేట్‌తోనో కలిస్తే ఊపిరి తీయడాన్ని నడిపే మెదడు భాగం కూడా నిదానిస్తుంది.

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో జరిగిన దుర్ఘటన రాష్ట్రాన్ని కుదిపేసింది. అక్కడి కల్లు దుకాణాల్లో తాగినవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, రక్తపోటు పడిపోయింది. నిమ్స్‌కు, ఇతర ఆస్పత్రులకు తరలించారు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది. పలువురు చనిపోయారు. నారాయణగూడ ఎక్సైజ్ ప్రయోగశాలలో కల్లు నమూనాలను పరీక్షిస్తే అల్ప్రాజోలం బయటపడింది.

అంతకు రెండేళ్ల ముందు, 2023 ఏప్రిల్‌లో, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆస్పత్రికి వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో మనుషులు వరుసగా వచ్చారు. మరణాలూ జరిగాయి. కల్తీ కల్లే కారణమా కాదా అన్న వాదన రోజుల తరబడి నడిచింది. ఈ వాదనకు తెర పడే మార్గం ఒకటే ఉంది: రోగి మూత్రాన్నీ, అతను తాగిన సీసానూ వెంటనే పరీక్షించడం.

ఆ పరీక్ష అంత కష్టమైనదేమీ కాదు. సిలికా పూత పూసిన పలక మీద ఒక మూలన నమూనా చుక్క పెట్టి, పలక అంచును ఒక ద్రావకంలో ఉంచుతారు. ద్రావకం పలక మీద పైకి పాకుతూ నమూనాలోని పదార్థాలను వెంట తీసుకెళ్తుంది. ప్రతి పదార్థమూ తనదైన ఎత్తు దగ్గర ఆగిపోతుంది. పక్కనే అసలు అల్ప్రాజోలం చుక్క పెట్టి చూస్తే, రెండు మచ్చలూ ఒకే ఎత్తున నిలిస్తే అనుమానం బలపడుతుంది. కోర్టుకు ఇంకా గట్టి సాక్ష్యం కావాలి కాబట్టి అణువు బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరుతో ఖరారు చేస్తారు. ఆలస్యం యంత్రం వల్ల కాదు. సీసా దుకాణంలోంచి ప్రయోగశాలకు చేరడానికీ, నివేదిక మళ్లీ జిల్లాకు రావడానికీ మధ్య గడిచే రోజుల వల్ల.

ఒకే విషం, మూడు శాఖలు

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. కల్లు మీద అధికారం ఎక్సైజ్ శాఖది. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో వచ్చిన ఎక్సైజ్ చట్టాన్నే తెలంగాణ కొనసాగిస్తోంది. గీత సహకార సంఘాలకు, చెట్టు హక్కుదారులకు ఆ శాఖే లైసెన్సులిస్తుంది, కల్తీ చేస్తే ఆ శాఖే రద్దు చేస్తుంది.

అల్ప్రాజోలం మందుగా ఉన్నప్పుడు దాని మీద అధికారం ఔషధ నియంత్రణ శాఖది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం దానికి ఆధారం. 2014 మార్చి 1 నుంచి అల్ప్రాజోలం, డైజెపాం షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. షాపు యజమాని రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన పరిమాణం విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. పెట్టె మీద ఎర్ర గీతల మధ్య హెచ్చరిక ఉండాలి.

అదే అల్ప్రాజోలం అక్రమంగా చేతులు మారితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం రంగంలోకి దిగుతుంది. ఈ పని పోలీసులది, కేంద్ర సంస్థలది. 2025 జూన్ నుంచి ఈగల్ పేరుతో పనిచేస్తున్న రాష్ట్ర ప్రత్యేక దళానిది కూడా. ఎక్సైజ్ అధికారులకూ ఈ చట్టం కింద అధికారాలున్నాయి. ఆ చట్టంలో అల్ప్రాజోలానికి 5 గ్రాముల లోపు స్వల్ప పరిమాణం, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే కనీసం పదేళ్ల కఠిన కారాగారం, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. 100 గ్రాములంటే నాలుగు లక్షల మాత్రల మందు అని గుర్తుంచుకుంటే ఆ శిక్ష ఎందుకంత బరువైనదో తెలుస్తుంది. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది. మత్తుమందును మరో పదార్థంలో కలిపి అమ్మితే, ఆ మొత్తం మిశ్రమం బరువునూ లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. ఆ సూత్రాన్ని కల్లుకు వర్తింపజేస్తే అల్ప్రాజోలం కలిసిన ఒక్క సీసా బరువే వంద గ్రాములు దాటుతుంది.

క్లోరల్ హైడ్రేట్ కథ వేరు. అది మాదకద్రవ్యాల చట్టం జాబితాలో లేదు. దాన్ని కల్లులో కలిపినవాడి మీద కేసు ఎక్సైజ్ చట్టం కిందికి వస్తుంది, మాదకద్రవ్యాల చట్టంలోని పదేళ్ల కనీస శిక్ష వర్తించదు. ఒకే పని చేసే రెండు మందులకు చట్టంలో ఇంత తేడా ఉంది.

మందు ఎక్కడి నుంచి వస్తుందన్నది అసలు ప్రశ్న. హైదరాబాద్ చుట్టూ దేశంలోనే పెద్ద మందుల పరిశ్రమ ఉంది. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కాలం నుంచి పెరిగిన ఆ పరిశ్రమ చౌటుప్పల్, బీబీనగర్ మీదుగా ఉమ్మడి నల్లగొండలోకీ, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ రూపంలో మహబూబ్‌నగర్‌లోకీ విస్తరించింది. నిజాయితీగా నడిచే ఫ్యాక్టరీలు ప్రపంచానికి మందులు పంపుతున్నాయి. ఆ చదువూ ఆ చేతిపనీ తెలిసినవాళ్లలో కొందరు దొంగదారి పట్టారు. 2025 సెప్టెంబరులో ఈగల్ దళం సికింద్రాబాద్ పాత బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూలు భవనంలోనే రియాక్టర్లు పెట్టి అల్ప్రాజోలం తయారు చేస్తున్న గుట్టును బయటపెట్టింది. కింది గదుల్లో పిల్లలు చదువుకుంటుండగా పై అంతస్తులో తయారైన పొడి, మహబూబ్‌నగర్ జిల్లా భూత్పూర్ వైపు కల్లు దుకాణాలకు చేరుతోందని దర్యాప్తులో తేలింది.

ఈ పొడి ఫ్యాక్టరీ లైసెన్సు కింద తయారు కాలేదు కాబట్టి డ్రగ్ ఇన్‌స్పెక్టరు రిజిస్టర్లలో కనబడదు. కల్లులో కలిసిపోయాక పోలీసు తనిఖీలో కనబడదు. కల్లు దుకాణానికి చేరాక ఎక్సైజ్ కానిస్టేబులుకు తెల్లటి పానీయంగా మాత్రమే కనబడుతుంది. మూడు శాఖలూ తమ హద్దుల్లో తాము చూస్తాయి. విషం ఆ మూడు హద్దులూ దాటుకుంటూ పోతుంది.

గుట్కా విషయంలోనూ ఇదే పేచీ కనబడుతుంది. దాన్ని పొగాకు ఉత్పత్తిగా చూస్తే 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం హెచ్చరిక బొమ్మ వేసి అమ్ముకోవచ్చు. ఆహారంగా చూస్తే, ఆహారంలో పొగాకు గానీ నికోటిన్ గానీ ఉండకూడదన్న 2011 నాటి నిబంధన కింద నిషేధించాలి. తెలంగాణ రెండో దారి పట్టింది. 2024 మే 24న ఆహార భద్రతా కమిషనరు మళ్లీ ఏడాది నిషేధం ప్రకటించారు. ఒక వస్తువును ఏ పేరుతో పిలుస్తామన్నదే ఏ అధికారి దాన్ని పట్టుకోవాలో తేలుస్తోంది.

సీసాకు పేరు లేకపోవడం

2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్ చింద్వాడాలో దగ్గు మందు తాగిన చిన్నపిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. కోల్డ్రిఫ్ అనే ఆ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉందని పరీక్షలో తేలగానే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది. ఎస్‌ఆర్-13 అనే బ్యాచ్ వాడవద్దని, ఇంట్లో ఉంటే తమకు చెప్పాలని కోరింది. సీసా మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ముద్రించి ఉండటం వల్లే ఇది సాధ్యమైంది. ఘోరం జరిగిన తర్వాతైనా చట్టానికి ఒక ఆచూకీ మిగిలింది.

సిగరెట్ పెట్టె మీద 2016 ఏప్రిల్ నుంచి 85 శాతం స్థలంలో హెచ్చరిక బొమ్మ ఉంటోంది. అల్ప్రాజోలం మాత్రల పట్టీ మీద ఎర్ర గీత ఉంటోంది. ఆ అల్ప్రాజోలమే కలిసిన కల్లు సీసా మీద మాత్రం ఏమీ ఉండదు. ఏ చెట్టుదో, ఏ డ్రమ్ముదో, ఏ రోజుదో తెలియదు. ఒక ఊళ్లో పది మంది పడిపోతే, అదే డ్రమ్ములోంచి పక్క ఊరికి పోయిన సీసాలను వెనక్కి పిలిచే మార్గం లేదు.

దీనివల్ల మొదటి నష్టం తాగేవాడికైతే, రెండో నష్టం నిజాయితీగా చెట్టెక్కే గీత కార్మికుడికి. ప్రాణాలకు తెగించి దింపిన కల్లు పక్క దుకాణంలోని పొడి కల్లుతో ధరలో పోటీ పడలేదు, మత్తులోనూ పోటీ పడలేదు. కల్తీ బయటపడిన ప్రతిసారీ అనుమానపు చూపు అతని లొట్టి మీదే పడుతుంది. ఊరి చెట్ల సంఖ్యనూ దుకాణం అమ్మకాలనూ పక్కపక్కన పెట్టి చూసే తనిఖీ వస్తే ముందుగా బాగుపడేది అతనే.

దుకాణం మూసిన మర్నాడు

2015 నేర్పిన పాఠం ఒకటుంది. సరఫరా మీద దాడి చేసే రోజున ఆస్పత్రి సిద్ధంగా లేకపోతే, ఆ దాడి వల్లే మనుషులు పోతారు. అలాగని కల్తీని వదిలేయమని కాదు. వదిలేస్తే కూకట్‌పల్లి మళ్లీ జరుగుతుంది. పట్టుకోవడంతో పాటు చికిత్స ఉండాలి.

ఆ చికిత్స వైద్యులకు బాగా తెలిసిందే. ఘాట్‌లో లారీని అదుపు చేసే డ్రైవరు యాక్సిలరేటరు మీది ఒత్తిడి తగ్గించుకుంటూనే బ్రేకును కొద్దికొద్దిగా వదులుతాడు. డాక్టరూ అంతే. శరీరంలో ఎక్కువసేపు నిలిచే డైజెపాంను తగిన మోతాదులో ఇచ్చి, రోజురోజుకూ కొంచెం తగ్గిస్తూ కొన్ని రోజుల్లోనో వారాల్లోనో పూర్తిగా ఆపేస్తాడు. మెదడు ఈ లోపు తన సమతూకాన్ని తిరిగి తెచ్చుకుంటుంది. కల్లులో చాటుగా పడితే ప్రాణాలు తీసే మందే ఇక్కడ కొలిచి ఇస్తే ప్రాణం నిలుపుతోంది. తేడా కొలతలో ఉంది, కొలిచే మనిషి చదువులో ఉంది. వణుకు ఆగడానికి ఇంటివాళ్లు మళ్లీ కల్లు పోస్తే ఆ కొలత ఎవరి చేతిలోనూ ఉండదు.

అందుకే కల్తీ మీద జిల్లా యంత్రాంగం తలపెట్టే ప్రతి చర్యకూ కొన్ని షరతులు తప్పనిసరి కావాలి. దాడులకు ముందే జిల్లా వైద్యాధికారికి సమాచారం అందాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డైజెపాం ఇంజెక్షన్లు నిల్వ ఉండాలి. ఏ ఊళ్లో దుకాణం మూతపడిందో ఆ ఊరి ఆశా కార్యకర్తకు అదే రోజు తెలియాలి, ఎందుకంటే మూడో రోజు ఎవరింటి తలుపు తట్టాలో ఆమెకే తెలుసు. ఉమ్మడి మహబూబ్‌నగర్ ఇప్పుడు అయిదు జిల్లాలు, ఉమ్మడి నల్లగొండ మూడు. ప్రతి జిల్లా కేంద్రంలోనూ కల్లు నమూనాను అదే రోజు పరీక్షించే ఏర్పాటు ఉండాలి. క్లోరల్ హైడ్రేట్ అమ్మకాలకూ అల్ప్రాజోలం అంత గట్టి నిఘా ఉండాలి. మూడు శాఖల అధికారులు నెలకొకసారి ఒకే బల్ల ముందు కూర్చుని, చెట్ల లెక్క, సీసాల లెక్క, ఆస్పత్రిలో ఫిట్స్‌తో చేరినవాళ్ల లెక్క కలిపి చూడాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు.

ఇంట్లో రోజూ కల్లు తాగేవారు ఉండి, మాన్పించాలనుకునే కుటుంబాలకు ఒక మాట. ఒక్కసారిగా ఆపించి ఇంట్లో కూర్చోబెట్టవద్దు. ఆపక ముందే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి, తాగేది మందు కల్లని డాక్టరుకు దాపరికం లేకుండా చెప్పండి. చెయ్యి వణకడం, నిద్ర లేకపోవడం, లేనివి కనబడటం మొదలైతే రాత్రయినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. వ్యసనం నుంచి బయటపడటానికి సలహా కావాలంటే 14446 నంబరు ఉంది. మత్తుమందు ఎక్కడ తయారవుతోందో, ఎక్కడ కలుపుతున్నారో తెలిస్తే 1908కి చెప్పండి. వీలైతే తాగగా మిగిలిన సీసాను పారేయకుండా ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి. సీసాలో ఏం కలిసిందో తేల్చడానికి ప్రయోగశాలకు అది కావాలి.